మంచినీళ్ళ బావి, రొయ్యల గుంటలు: అధికారం ఎవరి చేతిలో ఉందో వెతుక్కున్న ఒక పంచాయతీ కేసు

నెల్లూరు జిల్లా తీరంలోని ఒక గ్రామ పంచాయతీలో జరిగిన కేసు ఇది. ఊరి పేరు, మండలం, సర్వే నంబర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఊరిని పట్టిచ్చే కొన్ని వివరాలు కూడా వదిలేశాను. పంచాయతీరాజ్ శాఖలో విస్తరణాధికారిగా పనిచేసి, ఇప్పుడు సర్పంచులకు, కార్యదర్శులకు శిక్షణ ఇస్తుంటాను. కేంద్రానికి ఏది, రాష్ట్రానికి ఏది, పంచాయతీకి ఏది అని శిక్షణలో చెబితే అందరూ రాసుకుంటారు. ఊళ్ళో సమస్య వచ్చేసరికి మాత్రం ఒకే అర్జీ, అదీ కలెక్టరు గారి పేరు మీద వెళ్తుంది. ఆ ఒక్క అర్జీ ఎందుకు తిరిగొస్తుందో ఈ కేసులో బాగా కనబడుతుంది.

నేపథ్యం

ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ. నడుమ ఇసుక మెరక. ఇలాంటి మెరకల కింద వాన నీళ్ళు ఇంకి, ఉప్పు నీటి మీద తీపి నీటి పొరగా నిలబడతాయి. తీపి నీళ్ళు తేలిక కాబట్టి పైన ఉంటాయి. నెమ్మదిగా తోడుకుంటే తరతరాలకు సరిపోతాయి. దగ్గర్లో బోర్లు వేసి గట్టిగా లాగితే కింది ఉప్పు పైకి వస్తుంది. ఊరి మంచినీళ్ళ బావి, దాని పక్కన ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి కుళాయిలు అన్నీ ఆ పొర మీదే ఆధారపడ్డాయి.

తొంభైల్లో టైగర్ రొయ్య ఈ తీరంలో డబ్బు చూపించింది, తెల్లమచ్చ రోగం వచ్చి ముంచేసింది. 2009 తర్వాత వెనామీ రకం రొయ్య రావడంతో మళ్ళీ గుంటలు పెరిగాయి. ఈ ఊళ్ళో చౌడు భూములన్నీ లీజుకు పోయాయి. లీజు తీసుకున్నవాళ్ళలో సగం మంది బయటివాళ్ళు. ఊరి మగవాళ్ళు చాలామంది ఆ గుంటల మీదే కాపలాకో, మేత వేయడానికో, పట్టుబడి పనికో పోతారు. ఇది మనసులో పెట్టుకోకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు.

ఇంకో విషయం. పంచాయతీ పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. బావి చుట్టూ గుంటలు దగ్గరకు జరిగింది, కొత్త బోర్లు పడింది ఎక్కువగా ఆ కాలంలోనే. అభ్యంతరం చెప్పాల్సిన పాలకవర్గమే ఆ రోజుల్లో లేదు. ఐదేళ్ళకోసారి ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో 243ఇ అధికరణం ఎందుకు పెట్టారో ఎవరైనా అడిగితే, నేను ఈ ఊరి మ్యాపు చూపిస్తాను.

సమస్య

2021లో మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన సర్పంచి డ్వాక్రా సంఘంలో పనిచేసిన మనిషి. గెలిచిన మొదటి ఎండాకాలానికే కుళాయి నీళ్ళు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా మారాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయిస్తే క్లోరైడ్ లీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటింది. భారతీయ ప్రమాణాల ప్రకారం 250 లోపు ఉండాలి, వేరే వనరు లేకపోతే 1000 వరకు సహించవచ్చు. అంటే గతిలేక తాగే హద్దు కూడా దాటిపోయింది. జనం క్యాన్ నీళ్ళు కొనడం మొదలుపెట్టారు. కొనలేని ఇళ్ళలో ఆడవాళ్ళు పక్క ఊరి చేతిపంపు దాకా నడిచారు.

మొదట చేసినవి, ఆగిపోయిన చోట్లు

పంచాయతీ మొదట గ్రామసభ పెట్టి, ఊరి పరిధిలో రొయ్యల గుంటలన్నీ నిషేధిస్తున్నట్టు తీర్మానం చేసింది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో ఐదోది చేపల పెంపకం, పదకొండోది తాగునీరు; కాబట్టి మాకు అధికారం ఉంది అని అందులో రాశారు. చదువుకున్న కుర్రాళ్ళెవరో శ్రద్ధగా రాసిన తీర్మానం అది. గుంటల యజమానులు పై అధికారులకు ఫిర్యాదు చేశారు. కొద్ది వారాల్లోనే తీర్మానం అమలును నిలిపేస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఇది నిలవకపోవడానికి కారణం చాలామంది ప్రజాప్రతినిధులకు తెలియదు. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటు ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. 243జి అధికరణం ఆ 29 అంశాలను పంచాయతీకి నేరుగా ఇవ్వలేదు. ఏ అంశం, ఎంత మేరకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ తన చట్టంలో చెప్పాలి. ఎందుకంటే కేంద్ర, రాష్ట్ర అధికారాలను విడగొట్టే ఏడో షెడ్యూలులో స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో ఐదో పద్దు. చేపల పెంపకం కూడా రాష్ట్ర జాబితాలోదే, 21వ పద్దు. మన 1994 పంచాయతీరాజ్ చట్టం తాగునీరు, వీధులు, మురుగు పారుదల పంచాయతీ బాధ్యత అని స్పష్టంగా చెబుతుంది. రొయ్యల గుంటకు అనుమతి ఇచ్చే, రద్దు చేసే అధికారం మాత్రం ఇవ్వలేదు. పైగా తీరప్రాంత గుంటల మీద పార్లమెంటు చేసిన చట్టం వేరే ఉంది. అయినా ఆ తీర్మానం పనికిమాలినదని నేను అనను. ఊరి కోపం రికార్డుకెక్కింది. దానితో ఒక్క గుంట గట్టు కూడా తెగకపోవడం మాత్రం నిజం.

రెండో ప్రయత్నం, కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్. అర్జీ మత్స్యశాఖకు పోయింది. కాలుష్యం సంగతి మాది కాదని వాళ్ళు కాలుష్య నియంత్రణ విభాగానికి రాశారు. అది భూమి వినియోగానికి సంబంధించిందని వాళ్ళు రెవెన్యూకు రాశారు. పట్టా భూమిలో గుంటలు కాబట్టి మత్స్యశాఖే చూడాలని రెవెన్యూ తిప్పి పంపింది. ఒక్కో కాగితం విడిగా చూస్తే ఎవరి జవాబూ తప్పు కాదు. అర్జీలో ఉన్నది ఒకటే వాక్యం: గుంటల వల్ల మా నీళ్ళు చెడిపోయాయి, చర్య తీసుకోండి. ఏ చర్య, ఏ చట్టం కింద, ఏ గుంట మీద అన్నది లేదు.

మూడోది, గుంటలకు కరెంటు తీసేయమని విద్యుత్ అధికారులకు సర్పంచి లేఖ. సంబంధిత అధికారి ఉత్తర్వు లేకుండా తీయలేమన్నారు. ఈ లోపు ఊళ్ళో రెండు వర్గాలయ్యాయి. గుంటల మీద పనిచేసే ఇళ్ళవాళ్ళు గ్రామసభకు రావడం మానేశారు.

నా దగ్గరకు వచ్చాక

సర్పంచి, వార్డు సభ్యులు ఇద్దరు శిక్షణకు వచ్చినప్పుడు ఈ కాగితాల కట్ట తెచ్చారు. నేను మొదట అడిగింది ఒకటే: మీకు కావాల్సింది నీళ్ళా, గుంటలు పోవడమా? వార్డు సభ్యురాలు వెంటనే చెప్పింది: "గుంటలు తీసెయ్యమని మేం అనట్లా సామీ. మా ఇంటాయన కాపలా ఉండేది ఆడే. మాకు తాగేదానికి నీళ్ళుండాల, అంతే."

ఈ జవాబుతోనే దారి మారింది. గుంటలు పోవాలంటే అధికారం దాదాపు అంతా ఊరి బయటే ఉంది. నీళ్ళు కావాలంటే మొదటి బాధ్యత, మొదటి హక్కు పంచాయతీదే. అదే సమస్యను నీళ్ళ వైపు నుంచి రాసుకుంటే పంచాయతీ చేతికి ఏదో ఒకటి దొరుకుతుంది.

కోర్టుకు పోదామని కొందరు పట్టుబట్టారు. చెన్నైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచి ఉంది, హైకోర్టు ఉంది. వద్దని కాదు, అప్పుడే వద్దన్నాను. కోర్టు ముందుగా అడిగేది, ఎవరిని ఏం అడిగారు, వాళ్ళేం చెప్పారు అని. మన దగ్గర ఉన్నవి తిరిగొచ్చిన అర్జీలు, నిలిచిపోయిన తీర్మానం. ఆ కట్టతో వెళ్తే సంబంధిత అధికారిని ఆశ్రయించండి అని పంపేస్తారు. ముందు ఆ సంబంధిత అధికారి ఎవరో మనమే తేల్చుకోవాలి.

కాబట్టి ఒక అర్జీని ముక్కలు చేశాం. ముక్కలు చేయాలంటే ఊరి మ్యాపు కావాలి. ఏ గుంట ఏ సర్వే నంబరులో, పట్టాలోనా పోరంబోకులోనా, బావికి ఎంత దూరం, బోరు ఉందా, మురుగు నీరు ఎటు వదులుతున్నారు, రిజిస్ట్రేషన్ ఉందా. ఇక్కడే ఒక ఇబ్బంది ఎదురైంది. గ్రామ సచివాలయంలో సర్వేయరు, మత్స్య సహాయకుడు, ఇంజినీరింగ్ సహాయకుడు అందరూ ఉన్నారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలవడంతో రాష్ట్ర ప్రభుత్వ సిబ్బంది మునుపెన్నడూ లేనంత దగ్గరకు వచ్చారు, అది మంచిదే. కానీ వాళ్ళలో ఎక్కువమంది జవాబు చెప్పేది తమ తమ శాఖలకు. సర్పంచి కొలవమంటే సర్వేయరు కొలవలేడు, తహసీల్దారు చెప్పాలి. ఊరు ఎన్నుకున్న మనిషి ఒక గదిలో, ఊరి పని తెలిసిన సిబ్బంది ఇంకో గదిలో, మధ్యలో మండల కేంద్రం. దీన్ని నేను పెద్ద లోపంగానే చూస్తాను. తహసీల్దారుకు రాతపూర్వకంగా అడిగి, కొలతకు తేదీ వేయించుకుని, ఆ రోజు గుంటల యజమానులను కూడా రమ్మన్నాం. వాళ్ళ ముందే కొలిచాం కాబట్టి తర్వాత దూరాల మీద ఎవరూ గొడవ పెట్టలేదు. రిజిస్ట్రేషన్ వివరాలను సమాచార హక్కు చట్టం కింద తెప్పించాం.

మ్యాపు చేతికొచ్చాక పాతిక ముప్పై గుంటలూ ఒకటే కాదని తేలింది. సగానికి పైగా రిజిస్టరైనవి, దూరంగా ఉన్నవి. వాటితో మన తగాదా చాలా తక్కువ. కొన్ని దరఖాస్తు పెట్టి ఊరుకున్నవి. రెండు కాలువ పోరంబోకులోకి చొరబడ్డాయి. బావికి 250 మీటర్ల లోపు నాలుగు బోర్లు ఉన్నాయి. గుంటల్లో ఉప్పు శాతం పెరిగితే తగ్గించడానికి ఎండాకాలం వీటితోనే నీళ్ళు తోడుతారు. ఊరికి అసలు దెబ్బ గుంటల కంటే ఈ బోర్ల నుంచే ఎక్కువని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది.

పంచాయతీ చేతిలో ఉన్నది ముందు

ఉప్పుటేరు నుంచి గుంటలకు నీళ్ళు తెచ్చే పైపులు పంచాయతీ రోడ్డును మూడు చోట్ల కోసుకుని వెళ్తున్నాయి. ఎవరి అనుమతీ లేదు. ఆ రోడ్డు పంచాయతీది. దాని కింద పైపు వేయాలంటే పంచాయతీ ఒప్పుకోవాలి. ఇది కేంద్ర చట్టం దాకా వెళ్ళనక్కర్లేని, కలెక్టరును అడగనక్కర్లేని అధికారం. చిన్నదని ఎవరూ దాని వైపు చూడలేదు.

నోటీసులు ఇచ్చే ముందు రెండు రోజులు చర్చ జరిగింది. పైపులు వెంటనే పీకించాలని కొందరన్నారు. పెంపకం మధ్యలో నీళ్ళు ఆపితే రొయ్య చచ్చిపోతుంది, నష్టం లక్షల్లో ఉంటుంది. యజమాని కోర్టుకు పోతాడు, స్టే వస్తుంది, ఊళ్ళో పని పోయినవాడు సర్పంచిని తిడతాడు. అందుకని నోటీసులో రెండు దారులు పెట్టించాం: గడువులోగా పైపు తీయండి, లేదా షరతులకు ఒప్పుకుని అనుమతి తీసుకోండి. షరతులు రోడ్డుకు, పంచాయతీ కాలువకు సంబంధించినవి మాత్రమే. పైపు కారకూడదు, గుంటల మురుగు పంచాయతీ కాలువలోకి వదలకూడదు, రోడ్డు బాగు చేసి పెట్టాలి. బోర్లు మూసేయాలన్న షరతు కూడా పెట్టమని ఒత్తిడి వచ్చింది. పెట్టవద్దన్నాను. రోడ్డు అధికారంతో బోరును ఆపబోతే, పరిధి దాటారని మొత్తం నోటీసు కొట్టేస్తారు. నిషేధ తీర్మానానికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

అంతకుముందు పిలిస్తే రాని యజమానులు వారంలోనే పంచాయతీ ఆఫీసుకు వచ్చి కూర్చున్నారు. ముగ్గురు షరతులకు సంతకం పెట్టారు. మాట్లాడుకునే చోటు అప్పుడు ఏర్పడింది.

రాష్ట్రం చేతిలో ఉన్నవి

బోర్లకు సరైన తలుపు 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి, బోరు వేయకూడదు. ఉన్న బోరు వల్ల ఆ వనరు దెబ్బతింటోందని తేలితే తోడకం ఆపించవచ్చు. ఈ అర్జీలో రొయ్య అన్న మాటే రాయలేదు. బావి, దూరాలు, బోర్లు, ల్యాబు కాగితం, అంతే. కావాలనే అలా రాశాం. రొయ్య అని రాసిన మరుక్షణం ఆ కాగితం మత్స్యశాఖకు బదిలీ అయిపోతుంది. భూగర్భ జల శాఖ వచ్చి చూసింది, నివేదికకు ఆలస్యమైంది, ఒక ఎండాకాలం అలాగే గడిచిపోయింది. చివరికి నాలుగు బోర్లలో అనుమతి లేని మూడింటిని ఆపించారు. నాలుగోది పాత వ్యవసాయ బోరు, అది నడుస్తూనే ఉంది.

పోరంబోకులోని గుంటలకు 1905 భూఆక్రమణ చట్టం. దాని 7, 6 సెక్షన్ల కింద ఇచ్చేవాటిని ఊళ్ళో సెవెన్ నోటీసు, సిక్స్ నోటీసు అంటారు. ముందు సంజాయిషీ అడుగుతారు, తర్వాత ఖాళీ చేయిస్తారు. ఒక గుంట ఖాళీ అయింది. రెండోది ఖాళీ చేయించిన మరుసటి సీజనుకే మళ్ళీ నిండింది. ఒత్తిడి లేకపోతే రెవెన్యూ రెండోసారి రాదు. ఈ విషయంలో మేం గెలిచామని చెప్పలేను.

కేంద్రం చేతిలో ఉన్నది

తీరప్రాంత రొయ్యల సాగు కేంద్ర చట్టం కిందకు ఎలా వచ్చిందో సర్పంచికి వివరంగా చెప్పాల్సి వచ్చింది. చేపల పెంపకం రాష్ట్ర జాబితాలో ఉన్నప్పుడు చెన్నైలో కూర్చున్న సంస్థకు ఏం పని అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. 1996 డిసెంబరులో ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల సాగుపై తీర్పు ఇస్తూ, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒక అథారిటీ పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. తర్వాత పార్లమెంటు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. సాగు రాష్ట్ర విషయమైనా, తీర పర్యావరణం దారిలో కేంద్రం వచ్చింది. తర్వాత 2020లో రాష్ట్రం కూడా ఆక్వా అభివృద్ధి అథారిటీ చట్టం తెచ్చుకుంది. ఒకే ఊళ్ళో రెండు అథారిటీల పేర్లు వినబడి జనం తికమకపడటం సహజం. ఉప్పునీటి తీర గుంటకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది కేంద్ర అథారిటీ అని గట్టిగా గుర్తుపెట్టుకుంటే చాలు.

పంచాయతీ చెన్నైలోని ఈ కేంద్ర అథారిటీకి రాసిన మొదటి లేఖ జిల్లాకే తిరిగొచ్చింది. ఎందుకంటే తనిఖీ చేసి సిఫారసు చేసేది కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ. అప్పటి నిబంధనల ప్రకారం 2 హెక్టార్ల లోపు గుంటలను ఆ కమిటీయే చూసి చెన్నైకి పంపుతుంది, అంతకు మించితే రాష్ట్ర కమిటీ గుండా పోవాలి. అధికారం చెన్నైలో, కళ్ళు కలెక్టరేటులో, నీళ్ళు తాగేవాళ్ళు ఊళ్ళో. ఈ మూడింటినీ కలిపేది ఆ కమిటీ ఒక్కటే కాబట్టి మా కాగితం అక్కడ చదవదగ్గట్టు ఉండాలి. అథారిటీ మార్గదర్శకాల్లోనే తాగునీటి వనరుకు 100 మీటర్ల దూరం పాటించాలని ఉంది. 500 మందికి పైగా ఉన్న ఊరికి 300 మీటర్లు ఎడం ఉండాలని, సహజ మురుగు కాలువకు అడ్డంగా గుంట ఉండకూడదని కూడా ఉంది. కొత్త తీర్మానం ఈ మూడు నియమాల ప్రకారం రాయించాం. నిషేధం అన్న మాట లేదు. ఫలానా గుంటలకు రిజిస్ట్రేషన్ లేదు, ఫలానావి ఈ దూరాల లోపు ఉన్నాయి, కొలత కాగితాలు ఇవిగో, తనిఖీ చేసి తగిన ఉత్తర్వు ఇవ్వండి అని మాత్రమే.

పంచాయతీ తన పరిధిలో ఉండి మాట్లాడిన ఈ తీర్మానాన్ని ఎవరూ నిలిపేయలేదు. తనిఖీ జరిగింది. బావికి దగ్గరగా ఉన్న గుంటల దరఖాస్తులు తిరస్కరించారు, వాటిలో కొన్నింటిని యజమానులే పూడ్చారు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటి చట్టంలో జైలు శిక్ష ఉండేది; 2023 సవరణలో అది తీసేసి జరిమానాల పద్ధతి పెట్టారు. జైలు తీసేశారని ఊళ్ళో కొందరు నిరాశపడ్డారు. నాకైతే చిన్న లీజుదారుకు జరిమానా, గడువు ఉండటమే అమలుకు దగ్గరగా అనిపిస్తుంది.

నీళ్ళు ఎలా వచ్చాయి

బోర్లు ఆగాక, ఒక మంచి వానాకాలం గడిచాక బావిలో ఉప్పు తగ్గింది. వాడుకకు పనికొస్తుంది, తాగడానికి ఎండాకాలంలో ఇప్పటికీ నమ్మకం లేదు. చెడిన పొర తిరిగి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని వేరే వనరు వెతకడం మొదటి నుంచీ పక్కనే జరిగింది. మెరకకు అవతలి కొసన తీపి నీరు దొరికింది. మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కతో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో, కేంద్రం, రాష్ట్రం సగం సగం భరించే పద్ధతిలో, పైపులైను అంచనా వేయించాం. మిగిలిన చిన్న పనులకు 15వ ఆర్థిక సంఘం గ్రాంటు వాడారు. ఆ గ్రాంటులో 60 శాతం షరతులతో వచ్చేది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. షరతుల నిధి అంటే సర్పంచులు విసుక్కుంటారు, స్వేచ్ఛ లేదని. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఈ ఊళ్ళో మాత్రం ఆ షరతే డబ్బు సిమెంటు రోడ్డుకు మళ్ళకుండా కాపాడింది.

కొత్త బోరు పక్కన మళ్ళీ అదే కథ జరగకూడదని, వనరు చుట్టూ 250 మీటర్ల హద్దు రాళ్ళు పాతించి, ఆ హద్దును గ్రామసభలో చదివించి రికార్డు చేశారు.

ఈ పద్ధతిని వేరే ఊళ్ళకు చెప్పేటప్పుడు

సర్పంచులతో ఇప్పుడు నేను అర్జీ రాసే ముందు ఒక కాగితం మీద సమస్యను ముక్కలుగా రాయించి, ప్రతి ముక్క పక్కన ఉత్తర్వు ఇవ్వగల అధికారి హోదా, చట్టం పేరు రాయిస్తున్నాను. పక్కన ఏమీ రాయలేని ముక్క ఉంటే ఆ అర్జీ ఇంకా సిద్ధం కాలేదన్నమాట. పంచాయతీ సొంత అధికారం ఒక్కటైనా ఆ కాగితంలో ఉండాలని పట్టుబడతాను. కొలతలు, ల్యాబు కాగితాలు పంచాయతీ దగ్గరే పుట్టాలి. పై కమిటీలకు అవి దొరికే చోటు ఇంకొకటి లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సిందీ ఉంది. తాగునీటి బాధ్యత మోసే పంచాయతీ మాట, జిల్లా కమిటీ గుంట మీద నిర్ణయం తీసుకునే ముందు తప్పనిసరిగా వినాలి. ఇది రాష్ట్రం రేపు ఉదయం ఒక ఉత్తర్వుతో చేయగల పని, రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. సచివాలయ సర్వేయరు పంచాయతీ తీర్మానం మీద కొలతకు రావాలన్నది కూడా అంతే.

రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్ళు. ఆ ఊళ్ళో కార్యదర్శి ఇప్పుడు ఒక రిజిస్టరు పెట్టారు. ప్రతి గుంట ఎదురుగా గడువు ముగిసే నెల, బావికి దూరం, ఎండాకాలానికి ముందు, తర్వాత చేసిన నీటి పరీక్షల ఫలితం రాస్తున్నారు. గడువుకు ఆరు నెలల ముందే ఆ పేజీ నకలు జిల్లా కమిటీకి వెళ్తుంది. మొదటి దఫా నకళ్ళు వెళ్ళాయి. కమిటీ ఒక గుంట విషయంలో పంచాయతీని వివరణ అడిగింది. దానికి జవాబు సర్పంచే రాసి పంపారు.